పదకొండో వరుస

సాయంత్రం నాలుగింటికల్లా నీలాద్రి ఆస్పత్రిలో చేరాలి. మర్నాడు పొద్దున్న ఆపరేషను. దాంతో ప్రాణం దక్కుతుంది, వినికిడి పోతుంది. ఎడమ చెవి రెండేళ్ళ క్రితమే పోయింది. కుడి చెవి నరం మీద పెరిగిన గడ్డ మెదడు మొదలుదాకా పాకింది. గడ్డతోపాటు నరాన్నీ తియ్యక తప్పదని డాక్టరు కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పాడు.

ఇప్పుడు టైము తొమ్మిదిన్నర. ఈ ఆరున్నర గంటల్లో హైమవతి తన భర్తకి దాదాపు వెయ్యేళ్ళ నాటి గొంతు ఒకటి వినిపించాలి. పళ్ళెంలో ఉప్మా వడ్డిస్తూ మనసులో లెక్క వేసుకుంటోంది. యంత్రం వేడెక్కడానికి గంట. తోలు బిగించడానికి గంట. చదవడానికి రెండు గంటలు. ఎక్కడ ఏ తేడా వచ్చినా అంతే సంగతులు.

నీలాద్రి ఒక ముద్ద తిని, మూడు వేళ్ళు దగ్గరగా చేర్చి పళ్ళెం మీద ఆడించాడు.

హైమవతి ఉప్పు డబ్బా ఆయన ముందుకు తోసింది. "నోటితో అడగొచ్చుగా?"

"మఠంలో అడగకూడదు."

"ఇది మఠం కాదు, ఎంవీపీ కాలనీ."

విశాఖలోని యూనివర్సిటీలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు భాషాచరిత్ర చెప్పిన మనిషి పొట్నూరు నీలాద్రి. ఇంగ్లండులో వెయ్యేళ్ళ కిందటి మఠాల్లో సన్యాసులు మాట్లాడకూడని వేళలు చాలా ఉండేవి. తిండి దగ్గర రొట్టె కావాలన్నా, చేప కావాలన్నా చేతులతోనే అడిగేవాళ్ళు. ఆ గుర్తులన్నిటికీ వాళ్ళే ఒక పట్టిక రాసిపెట్టుకున్నారు. నీలాద్రి క్లాసులో పిల్లలు ఇష్టపడి వినే పాఠం అదొక్కటే. పెళ్ళైన కొత్తలో ఆ గుర్తులన్నీ హైమవతికీ నేర్పాడు. రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి గుండ్రంగా పెడితే రొట్టె. అరచెయ్యి నిలబెట్టి తోకలా ఆడిస్తే చేప. నాలుక మీద వేలు పెడితే తేనె.

"మరి భార్యకి ఏం గుర్తు?" అని అప్పట్లో హైమవతి అడిగింది.

"మఠంలో పెళ్ళాలుంటారేటే?" అన్నాడు నీలాద్రి.

ఇరవై ఏడేళ్ళ కిందటి మాట. ఇప్పుడాయన ఉప్మా తింటూ కుడి చెవి ఆమె వైపు తిప్పి కూర్చున్నాడు. ఈ నెల రోజుల నుంచీ ఆయన అలాగే కూర్చుంటున్నాడు. కుక్కర్ కూతకి, కుళాయి చప్పుడుకి కూడా తల తిప్పుతున్నాడు. హైమవతి అది చూసీ చూడనట్టు ఊరుకుంటోంది.

"ఇంతకీ వినబడుతుందంటావా?" అన్నాడు.

"మేకతోలు మీద వినబడింది కదా."

"మేకతోలు మీద మాట్లాడింది నేను. వీడు సన్యాసి."

"గొంతు గొంతే," అంది హైమవతి. చెవి వెనక పెట్టుకున్న పెన్సిలు తీసి, గోడకి అంటించిన ఆ రోజు పనుల కాగితం మీద టైము రాసి, మళ్ళీ చెవి వెనకే పెట్టుకుంది. అది ఆమె అలవాటు. ఒక్కోసారి తల దువ్వుకునేటప్పుడు కూడా పెన్సిలు అక్కడే ఉంటుంది.

*

యంత్రానికి హైమవతి పనిచేసే ల్యాబులో అందరూ పెట్టుకున్న పేరు చెవిపలక. ఆమె పదకొండేళ్ళ కష్టం అది.

మొదటి ఆలోచన ఆమెకి ఒక డప్పు చూస్తుంటే వచ్చింది. బిగించిన తోలు ముందు ఎవరైనా మాట్లాడితే ఆ తోలు వణుకుతుంది. పాతకాలం ఇంగ్లండులో పుస్తకాలన్నీ దూడతోలు మీదే రాశారు. ఏటవాలు బల్ల మీద తోలు పరిచి, ఈక కలంతో ఇనుప సిరా పెట్టి రాసేవారు. సిరా ఆరేలోపు రాసేవాడు నోరు తెరిస్తే, సిరాలోని ఇనుప రేణువులు ఆ వణుకు ప్రకారం సర్దుకుని అలాగే గట్టిపడిపోతాయి. ఆ రేణువుల వరసని సన్నని వెలుగుతో చదివితే, ఆ వేళ ఆ గదిలో ఏ చప్పుడు అయిందో తిరిగి వినొచ్చు.

దాన్ని ఆమె ముందు ఇంట్లో రాయించిన తోలుతోనే పరీక్షించింది. డప్పులు కట్టేవాళ్ళ దగ్గర మేకతోలు తెచ్చింది. పెడనలో కలంకారీ నల్లరంగు ఎలా కాస్తారో అడిగి తెలుసుకుని, కరక్కాయ, ఇనుప తుప్పుతో సిరా కాచింది. నీలాద్రి ఆ సిరాతో ఏదో రాస్తూ గొణిగాడు. ల్యాబులో చెవిపలక ఆ గొణుగుడు తిరిగి వినిపించింది: "పాలవాడికి రేపు రావద్దని చెప్పాలి, వంకాయలు పుచ్చులు, ఈ సిరా కంపు కొడుతోంది."

ల్యాబంతా చప్పట్లు కొట్టింది. తర్వాత హైమవతి తోలు పట్టుకుని చూసింది. అక్షరాలు లేవు. వెలుగు తగిలిన చోటల్లా సిరా పొడై రాలిపోయింది.

అదే చిక్కు. యంత్రం ఏ వరుసనైనా ఒక్కసారే చదవగలదు. చదివాక ఆ వరుస ఉండదు, రికార్డయిన చప్పుడే మిగులుతుంది. అందుకే పాత పుస్తకాలున్న పెద్ద లైబ్రరీలేవీ ఆమె ఉత్తరాలకి జవాబివ్వలేదు. ఆఖరికి ఒక తోలుపత్రం బందరులో దొరికింది.

దాన్ని మోసుకొచ్చిన ఫరీదా బేగం, ఈ రోజు వీళ్ళిద్దరూ వెళ్ళేసరికే ల్యాబులో కూర్చుని ఉంది. బందరులో చిన్న మ్యూజియం చూసుకునే అధికారిణి. స్టీలు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది.

"రైల్లో కన్ను మూస్తే ఒట్టు సార్," అంది నీలాద్రితో. "పక్క సీటాయన పెట్టెలో ఏముందండీ అంటాడు, బిర్యానీ అన్నాను. అప్పట్నుంచీ పెట్టె వంకే చూస్తున్నాడు."

నీలాద్రి నవ్వాడు. "మా సన్యాసిని బిర్యానీ చేశారన్నమాట."

"మీ సన్యాసేంటండీ. నాలుగొందల ఏళ్ళుగా మా ఊళ్ళో ఉన్నాడు. బందరువాడే."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. వెయ్యిన్నీ అరవై ఆరులో నార్మన్లు సముద్రం దాటి వచ్చి ఇంగ్లండుని గెలుచుకున్నారు. రాజు భాష ఫ్రెంచి అయింది. చర్చిలో లాటిన్ సరేసరి. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు, రాసేవాళ్ళే ఒక్కొక్కరూ కలం దించేశారు. కోర్టుల్లో, కొలువుల్లో ఆ భాష మళ్ళీ తలెత్తడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. కలం దించని కొద్దిమందిలో ఒక సన్యాసి ఏ మఠంలోనో కూర్చుని, ఏటేటా జరిగింది ఇంగ్లీషులోనే రాస్తూ పోయాడు. తర్వాతెప్పుడో ఇంకో రాజు మఠాలు మూయించి పుస్తకాలు చింపించాడు. ఆ చినిగిన తోళ్ళు అట్టలు కట్టేవాళ్ళ చేతిలో పడ్డాయి. అందులో ఒకటి ఒక ఓడ దినచర్య పుస్తకానికి అట్టగా మారి, ఆ ఓడతోపాటు బందరు రేవులో దిగింది.

పత్రం మీద ఇరవై రెండు వరుసలున్నాయి. పై అధికారులు ఒక్క వరుసకి అనుమతి ఇచ్చారు. ఆ ఒక్కటీ ఏదో నీలాద్రినే ఎంచుకోమన్నారు. రాజుల పేర్లూ బిషప్పుల పేర్లూ వదిలేసి ఆయన పదకొండో వరుస ఎంచుకున్నాడు. 'ఈ ఏడు చలి గట్టిగా ఉంది, రాజుగారి మనుషులు పశువుల్ని తోలుకుపోయారు' అని ఉంది అందులో.

"ఇదే ఎందుకు సార్?" అని ఫరీదా అడిగింది.

"పేర్లు ఎవడైనా ఒకేలా పలుకుతాడమ్మా. చలి అనేటప్పుడు మనిషి తన గొంతుతో పలుకుతాడు." పెట్టె వైపు చూసి, "ముప్పై ఏళ్ళు ఆ భాష పిల్లలకి చెప్పాను. ఇలా పలికేవారని చెప్పాను. అవునో కాదో ఒక్కడూ బతికి లేడు చెప్పడానికి. ఒక్కసారి వింటే చాలు," అన్నాడు.

*

పన్నెండు దాటింది. తోలు చట్రంలో బిగిసింది. హైమవతి మీట నొక్కింది. సన్నటి నీలం వెలుగు పదకొండో వరుస మొదటి అక్షరం మీద వాలింది. అక్షరం బూడిద రంగుకి తిరిగి, దుమ్ములా లేచిపోయింది. ఫరీదా కళ్ళు గట్టిగా మూసుకుంది.

వరుస పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆ వరుస రాయడానికి సన్యాసికి పట్టిన సమయం రెండు నిమిషాలు. వినడానికీ అంతే.

నీలాద్రి హెడ్‌ఫోను కుడి చెవికి పెట్టుకున్నాడు. హైమవతి స్పీకరు కూడా పెట్టింది. ఫరీదా తన కుర్చీ దగ్గరకి లాక్కుంది.

మొదట గీకుడు వినిపించింది. తోలు మీద ఈక కలం. బర్రు, బర్రు, ఆగి సిరాలో ముంచిన చప్పుడు, మళ్ళీ బర్రు. ఎక్కడో వాన. ఎవరో ముక్కు ఎగబీల్చారు. దూరంగా ఒక గంట రెండుసార్లు మోగింది. నీలాద్రి కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఆ వరుసలోని మాటల్ని అందిస్తున్నాడు, స్టేజీ పక్కన నుంచున్న మనిషి పద్యం మర్చిపోయిన నటుడికి అందించినట్టు.

సన్యాసి అందుకోలేదు. రెండు నిమిషాలూ అయిపోయాయి. ఒక్క మాట లేదు.

హైమవతి మళ్ళీ పెట్టింది. గీకుడు, వాన, గంట. అంతే.

"యంత్రంలో లోపమేమో," అంది ఫరీదా మెల్లిగా.

"గంట వినబడింది. వాన వినబడింది. ముక్కు కూడా వినబడింది. యంత్రంలో లోపం లేదు." హైమవతి గొంతు గట్టిగా ఉంది. ఆమె చెయ్యి అప్పటికే మీట మీదుంది. చట్రాన్ని ఒక్క గడి కిందకి జరిపింది. పన్నెండో వరుస.

"మేడమ్, ఒక్క వరుసకే అనుమతి."

"తెలుసు."

"రాతపూర్వకంగా ఉంది. మీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది."

"మీరు బయటికి వెళ్ళి టీ తాగి రండి. మీరు లేనప్పుడు జరిగిందని రాస్తాను."

ఫరీదా లేవలేదు. "నేను వెళ్తే ఆయనకి ఇంకో వరుస దొరుకుతుందని నాకూ తెలుసు మేడమ్. మా నాన్న గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు, మీ బాధ నాకు తెలీక కాదు. కానీ నేను వెళ్ళను. ఈ పెట్టె నేను తెచ్చాను."

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?" హైమవతి ఆమె వైపు తిరగలేదు. "రేపటి నుంచీ ఆ మనిషి ఏం వింటాడు? ఇరవై రెండు వరుసలున్నాయి. ఏదో ఒక దాంట్లో నోరు తెరవకపోడు. రెండు గంటలే కదా. ఆస్పత్రికి సాయంత్రం ఆరింటికి వస్తామని చెప్తాను."

మీట మీద ఆమె వేలు బిగిసింది. అప్పుడు నీలాద్రి చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

ఆయన నవ్వుతున్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, కానీ నవ్వుతున్నాడు.

"పన్నెండులోనూ మాట్లాడడే. ఇరవై రెండు కాల్చినా మాట్లాడడు."

"మీకెలా తెలుసు?"

"పొద్దున్న ఉప్పు ఎలా అడిగాను?"

హైమవతి మూడు వేళ్ళు దగ్గరగా చేర్చి చూసుకుంది.

"రాసే గదిలో కూడా మౌనమే," అన్నాడు నీలాద్రి. "అక్కడా చేతులతోనే. సిరా కావాలన్నా, పుస్తకం కావాలన్నా. ఆ కాలంలో అందరూ పైకి చదువుతూ రాసేవారని సోమవారం క్లాసులో చెప్పాను. మఠంలో నోరెత్తకూడదని గురువారం క్లాసులో చెప్పాను. ముప్పై ఏళ్ళు సోమవారం, గురువారం, సోమవారం, గురువారం. రెండూ ఒక్క గదిలోనే అని నాకే తట్టలేదు. అందులో ఒక్క పిల్లాడైనా లేచి అడిగాడు కాదు, వెధవలు."

"మీరు మర్చిపోవడమేమిటి?"

"వినాలని అంత ఉంటే ఏం గుర్తుంటుందే?"

ఆమె చెయ్యి మీట మీద నుంచి జారింది. నీలాద్రి తనే చట్రాన్ని వెనక్కి జరిపి, తోలుని ఫరీదా వైపు తిప్పాడు. పదకొండో వరుస ఉన్న చోట ఒక ఖాళీ చార, పాపిడిలా.

"ఇంకొక్కసారి పెట్టు," అన్నాడు. "ఈసారి మాటల కోసం చూడను."

మూడోసారి విన్నారు. ఈసారి ముగ్గురూ చప్పుళ్ళనే విన్నారు. ఒకటిన్నర నిమిషం దగ్గర కలం ఆగింది. బల్ల మీద వేలితో రెండు దెబ్బలు, పక్కవాణ్ణి పిలిచినట్టు. బట్ట రాసుకున్న అలికిడి. ఎవరో చేతులు కదిపారు. ఆ తర్వాత, ఇందాక ముక్కు ఎగబీల్చుడు అనుకున్న ఆ చప్పుడు. ఇప్పుడు అదేమిటో ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. నవ్వు ఆపుకోలేక, నోరు మూసుకుని, ముక్కులోంచి నవ్విన నవ్వు అది. తర్వాత ఇంకొకడిది, ఇంకొంచెం పెద్దగా. తర్వాత కలం.

బయట రాజుగారి మనుషులు పశువుల్ని తోలుకుపోయారు. లోపల ఇద్దరు సన్యాసులు నవ్వాపుకుంటున్నారు.

"ఏమని ఉంటాడు సార్?" అంది ఫరీదా.

"వాళ్ళ పెద్దాయన గురించే అయ్యుంటుంది," అన్నాడు నీలాద్రి. హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. "ఏ డిపార్టుమెంటులో అయినా అంతే."

*

మూడింటికి బయల్దేరారు. కారు హైమవతి నడుపుతోంది. డ్రైవరు సీటు కుడివైపు కాబట్టి ఆయన మంచి చెవి ఆమె వైపే ఉంది.

"ఏదైనా మాట్లాడు," అన్నాడు నీలాద్రి.

"ఏం మాట్లాడను?"

"ఏదైనా."

హైమవతికి మొదటి నుంచీ మాటలు తక్కువ. ఇంట్లో మాటలన్నీ ఆయనవే. పదకొండేళ్ళు ఎవరి గొంతో పట్టుకోవడానికి యంత్రం కట్టిన మనిషికి, తన గొంతుతో చెప్పడానికి ఒక్క ముక్క దొరకలేదు. ఎర్ర లైటు పడింది. ఆమె కారు ఆపి, స్టీరింగు మీద వేలితో గీస్తూ కూర్చుంది.

నీలాద్రి అది గమనించాడు. "పోనీ బోర్డులు చదువు."

"బోర్డులా?"

"షాపుల బోర్డులు. వరసగా."

లైటు పచ్చబడింది. హైమవతి చదవడం మొదలుపెట్టింది. "శ్రీ విజయగణపతి టైర్లు. రత్నం టిఫిన్స్, ఇక్కడ పెసరట్టు దొరుకును. న్యూ ఫ్యాషన్ లేడీస్ టైలరు. బ్లౌజులు ఒక్కరోజులో." మొదట గొణిగినట్టు చదివింది. తర్వాత గొంతు పెంచింది. "అద్దెకు ఇల్లు, శాకాహారులు మాత్రమే. ఇక్కడ మూత్రము పోయరాదు."

"అది మళ్ళీ చదువు."

"ఊరుకోండి."

సముద్రం పక్క రోడ్డు ఎక్కితే దగ్గరే. ఆమె ఎక్కలేదు. సముద్రం పక్కన బోర్డులు తక్కువ. ఊళ్ళోంచి, ట్రాఫిక్కులోంచి, బస్సుల వెనక నుంచి వెళ్ళింది. మందుల షాపులు, కళ్ళద్దాల షాపులు, మిఠాయి కొట్లు, ట్యూషను పోస్టర్లు, ఫోన్ నంబర్లతో సహా చదివింది. నీలాద్రి కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆయన పెదవులు ఇప్పుడు కదలడం లేదు. అందించాల్సిన మాటలేవీ లేవు, ఆమె ఏది చదివితే అదే.

ఆస్పత్రి గేటు వచ్చింది. ఆమె ఆస్పత్రి పేరు చదివింది. అత్యవసర విభాగం, చదివింది. ఇక్కడ వాహనములు నిలుపరాదు, చదివింది. కారు ఆపింది. ఇంకే బోర్డూ కనబడలేదు.

"నీలాద్రి గారూ," అంది. ఇరవై ఏడేళ్ళలో ఆయన్ని ఆమె పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

ఆయన కళ్ళు తెరవలేదు. "ఇంకోసారి," అన్నాడు.

*

నాలుగో రోజుకి ఆయన్ని మామూలు గదికి మార్చారు. తలకి కుడివైపంతా తెల్ల కట్టు. మంచం పక్కన నర్సు ఒక పలక, మార్కరు పెట్టింది. వచ్చినవాళ్ళందరూ దాని మీద రాసి చూపిస్తున్నారు. ఎలా ఉంది? నొప్పి ఉందా? ధైర్యంగా ఉండండి. ఆయన చదివి తలూపుతున్నాడు. తన గొంతు తనకి వినబడక అరిచినట్టు జవాబిచ్చి, ఎదుటివాళ్ళ మొహం చూసి, అసలు మాట్లాడడమే మానేశాడు.

హైమవతి ఇంటి నుంచి ఇడ్లీ తెచ్చింది. ఆయన ఆమె వంక చూసి, పలక అందించబోయాడు. ఆమె దాన్ని తీసుకుని మంచం కింద పెట్టేసింది.

డబ్బా మూత తీసింది. రెండు చేతుల వేళ్ళూ కలిపి గుండ్రంగా పెట్టింది. రొట్టె.

ఆయన ఇడ్లీ వంక చూశాడు, ఆమె వేళ్ళ వంక చూశాడు.

ఆమె భుజాలెగరేసింది. మఠంలో ఇడ్లీ ఉండదు, ఉన్నదాంతోనే సర్దుకోవాలి. మూడు వేళ్ళు దగ్గరకి చేర్చి ఆడించి, కనుబొమలెత్తింది. ఉప్పు సరిపోయిందా?

ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. సరిపోయిందని తలూపాడు. గుమ్మం దగ్గర లావుపాటి పెద్ద డాక్టరు ఎవరినో తిడుతూ వెళ్ళడం ఇద్దరూ చూశారు. నీలాద్రి అరచెయ్యి నిలబెట్టి, డాక్టరు నడిచిన పక్కకి, తోకలా గంభీరంగా ఆడించాడు. చేప.

హైమవతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆయన చెయ్యెత్తి, చూపుడువేలిని కట్టు పక్క నుంచి మెల్లిగా చెవి వెనకకి పోనిచ్చి, అక్కడే ఉంచాడు.

ఆమెకి అర్థం కాలేదు. నొప్పి అనుకుని లేవబోయింది. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అదే చేశాడు. వేలు, చెవి వెనక. ఆమె పట్టికంతా గుర్తు చేసుకుంది. రొట్టె, చేప, తేనె, పాలు, పుస్తకం, సిరా. ఆ గుర్తు అందులో లేదు.

ఆయన ఆమె తల వైపు చూపించాడు. హైమవతి చెయ్యి దానంతటదే చెవి వెనకకి వెళ్ళింది. పెన్సిలు తగిలింది.

పట్టికలో లేని గుర్తు అది. సన్యాసులకి దాని అవసరం పడలేదు.

ఆమె మొహంలో ఏం కనబడిందో గాని, నీలాద్రికి నవ్వు వచ్చింది. గట్టిగా నవ్వితే కుట్లు లాగుతాయి. నోరు మూసుకుని ఆపుకోబోయాడు, ఆగలేదు, ముక్కులోంచి తన్నుకొచ్చింది. ఆ చప్పుడు ఆయనకి వినబడలేదు. హైమవతికి వినబడింది. అచ్చం అదే నవ్వు, పదకొండో వరుసలో విన్నదే.

ఆమె మంచం మీది రేకు బల్లని వేలితో రెండుసార్లు కొట్టింది. ఆయన చేతి కింద బల్ల అదిరింది. తలెత్తి ఆమె వైపు తిరిగాడు.